కమడోర్ 64లో మెమరీ ఎటు పోతోంది? ఫ్రాగ్మెంటేషన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కమడోర్ 64 అనే 1980ల నాటి హోమ్ కంప్యూటర్‌లో, దానితో వచ్చే బేసిక్ భాషలో ప్రోగ్రామ్‌లు రాసేవాళ్ళు, అసలు మెషిన్ మీదైనా దాన్ని అనుకరించే ఎమ్యులేటర్ మీదైనా, నన్ను అడిగే సందేహాల్లో సగం మెమరీ గురించే ఉంటాయి. అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒక్కచోట పెడుతున్నాను. ఏ ప్రశ్న దేనికదే పూర్తి, మీకు కావాల్సిన దాని దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. బేసిక్ మాటల్ని మనం పలికినట్టే రాశాను.

## మొదలుపెట్టేముందు

64 కే మెషిన్ అన్నారు, ఆన్ చేస్తే 38,911 బైట్లే ఖాళీ అంటోంది. మిగతాది ఏమైంది?

ర్యామ్ నిజంగానే 64 కిలోబైట్లు. అందులో బేసిక్‌కు దక్కేది అడ్రస్ 2049 నుంచి 40959 వరకు ఉన్న భాగం మాత్రమే. 40960లోంచి 2049 తీసేస్తే సరిగ్గా 38,911 వస్తుంది. కింద ఉన్న 2 కేలో సిస్టమ్ సొంత లెక్కలు, స్టాక్, స్క్రీన్ ఉంటాయి. పైన 40960 నుంచి 8 కే బేసిక్ రోమ్, 57344 నుంచి 8 కే కెర్నల్ (మెషిన్ ఆపరేటింగ్ సిస్టమ్) రోమ్ కనిపిస్తాయి. వాటి అడుగున కూడా ర్యామ్ ఉంది, కానీ బేసిక్ దాన్ని వాడుకోదు. మధ్యలో 49152 నుంచి 53247 వరకు 4 కే ముక్క ఒకటి ఎవరికీ చెందకుండా ఉంటుంది. మెషిన్ కోడ్‌కు (ప్రాసెసర్ నేరుగా నడిపే కోడ్), చిన్న బఫర్లకు అది మంచి చోటు.

ఫ్రాగ్మెంటేషన్ అంటే ఇంత చిన్న మెషిన్‌లో ఏమిటి అసలు?

బస్సులో ఆరు సీట్లు ఖాళీగా ఉన్నా అవి ఆరు చోట్ల ఉంటే ఆరుగురి కుటుంబం కలిసి కూర్చోలేదు. మెమరీలోనూ అంతే. ఖాళీ మొత్తం సరిపోతుంది, కానీ ఒకే చోట ఉండదు. కమడోర్ 64లో ఇది రెండు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది, పాత స్ట్రింగ్‌ల (అక్షరాల వరుసల) చెత్త కొత్త స్ట్రింగ్‌ల మధ్య పేరుకుపోవడం. దీన్ని బేసిక్ తనే సర్దుకుంటుంది (దాని పేరే గార్బేజ్ కలెక్షన్), కానీ ఆ సర్దుడుకు మీ ప్రోగ్రామ్ ఆగిపోవాల్సి వస్తుంది. రెండోది, స్ప్రైట్లు (తెర మీద కదిలే చిన్న బొమ్మలు), గ్రాఫిక్ స్క్రీన్, మెషిన్ కోడ్ తలో చోట కూర్చుని ఖాళీని ముక్కలు చేయడం. దీన్ని ఎవరూ సర్దరు, మీరే ముందుగా చూసుకోవాలి.

నా వేరియబుల్స్ మెమరీలో ఏ వరుసలో కూర్చుంటాయి?

అడుగున ప్రోగ్రామ్, దాని మీద మామూలు వేరియబుల్స్, వాటి మీద అర్రేలు (ఒకే పేరు కింద ఉండే విలువల వరుసలు). ఇవన్నీ పైకి పెరుగుతాయి. స్ట్రింగ్‌లలోని అక్షరాలు మాత్రం 40959 దగ్గర మొదలై కిందికి దిగుతూ వస్తాయి. ఈ రెండింటి మధ్య ఉన్నదే ఖాళీ. మామూలు వేరియబుల్ ఏదైనా 7 బైట్లే: రెండు పేరుకు, ఐదు విలువకు. స్ట్రింగ్ వేరియబుల్‌లో అక్షరాలు ఉండవు, పొడవు ఎంత, అక్షరాలు ఎక్కడున్నాయి అన్న చీటీ మాత్రమే ఉంటుంది. అర్రేలో ఆ చీటీ 3 బైట్లు.

వేరియబుల్ పక్కన శాతం గుర్తు పెట్టి ఇంటీజర్ చేస్తే మెమరీ మిగులుతుందా?

విడి వేరియబుల్‌కు మిగలదు, అదీ 7 బైట్లే. అర్రేలో మాత్రం బాగా మిగులుతుంది. 1000 అంకెలకు 5000 బైట్లు పట్టే చోట 2000 సరిపోతాయి.

## రాస్తున్నప్పుడు

స్ట్రింగ్ మార్చిన ప్రతిసారీ చెత్త మిగులుతుందంటారు. ఎలా మిగులుతుందో ఒక్కసారి చూపిస్తారా?

నాలుగు లైన్లు చాలు.

10 ఏ$="ఏబీసీ"
20 బీ$=ఏ$+"డీ"
30 బీ$=బీ$+"ఈ"
40 సీ$=బీ$+"ఎఫ్"

ఇక్కడ కోట్స్‌లో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు అనుకోండి, ఒక్కోటి ఒక బైటు. 10వ లైన్ స్ట్రింగ్ మెమరీని ముట్టుకోదు. ఏ$ చీటీ ప్రోగ్రామ్ టెక్స్ట్‌లో ఉన్న ఆ మూడు అక్షరాలనే చూపిస్తుంది. 20వ లైన్‌కు 4 బైట్లు కావాలి, 40956 నుంచి 40959 వరకు పోతాయి. 30వ లైన్ పాత దాన్ని పొడిగించదు, కొత్తగా 5 బైట్లు 40951 దగ్గర రాసి బీ$ చీటీని అటు తిప్పుతుంది. పైన ఉన్న ఆ 4 బైట్లకు ఇక దిక్కులేదు. 40వ లైన్ 40945 దగ్గర 6 బైట్లు తీసుకుంటుంది.

ఇప్పుడు గార్బేజ్ కలెక్షన్ జరిగితే బీ$ 40955కు, సీ$ 40949కు జరుగుతాయి, పోయిన 4 బైట్లు తిరిగొస్తాయి. ఏ$ కదలదు. ఈ బొమ్మ ఒక్కటి మనసులో ఉంటే సగం సమస్యలు ముందే కనిపిస్తాయి.

కీబోర్డ్ నుంచి ఒక్కో అక్షరం తీసుకుని స్ట్రింగ్‌కు కలుపుతున్నాను. దానికే మెమరీ అయిపోతుందా?

దాదాపుగా అయిపోతుంది. 255 అక్షరాల స్ట్రింగ్‌ను ఒక్కో అక్షరం కలుపుతూ కడితే 1, 2, 3 అంటూ 255 వరకు కొత్త కాపీలు పుడతాయి. మొత్తం 32,640 బైట్లు. చివరికి మీకు కావాల్సింది 255, మిగతాదంతా చెత్త.

ముక్కలుగా కట్టండి. 16 అక్షరాలు ఒక చిన్న స్ట్రింగ్‌లో పోగేసి, అది నిండాక పెద్ద స్ట్రింగ్‌కు కలిపి, చిన్నదాన్ని ఖాళీ చేయండి. 240 అక్షరాలకు పాత పద్ధతిలో 28,920 బైట్లు ఖర్చయితే ఈ పద్ధతిలో 3,960 అవుతాయి. గెట్ తెచ్చే అక్షరానికి పట్టే ఒక్కో బైటు రెండు లెక్కల్లోనూ కలపలేదు. ఒక్క అదనపు లైన్‌తో ఇంత లాభం వచ్చే చిట్కా నాకు ఇంకోటి తెలియదు.

పేర్ల జాబితా డేటా లైన్లలో పెట్టడం మంచిదా, డిస్క్ నుంచి చదవడం మంచిదా?

జాబితా మారనిదైతే డేటాలో పెట్టండి. రీడ్ చేసినప్పుడు అక్షరాలు కాపీ కావు, చీటీ ప్రోగ్రామ్ టెక్స్ట్‌నే చూపిస్తుంది. డిస్క్ నుంచో టేప్ నుంచో ఇన్‌పుట్‌తో చదివితే ప్రతి పేరూ స్ట్రింగ్ మెమరీలోకి వచ్చి, గార్బేజ్ కలెక్షన్ జరిగిన ప్రతిసారీ దానికి పని పెంచుతుంది.

అర్రేలు డిమ్ చేశాక ప్రోగ్రామ్ అక్కడక్కడా తడబడుతోంది. ఎందుకు?

డిమ్ (అర్రేకు చోటు కేటాయించే కమాండ్) తర్వాత మొదటిసారి ఒక కొత్త మామూలు వేరియబుల్ వాడారన్నమాట. దానికి 7 బైట్ల చోటు అర్రేల కింద కావాలి కాబట్టి అర్రేలన్నిటినీ 7 బైట్లు పైకి జరపాలి. 20 కే అర్రే ఉంటే 20 కే మొత్తం కదులుతుంది. లూప్ కౌంటర్లతో సహా అన్ని వేరియబుల్స్‌కూ ప్రోగ్రామ్ మొదట్లోనే ఒక్కసారి సున్నా ఇచ్చి, ఆ తర్వాతే డిమ్ చేయండి.

డిమ్ చేసిన అర్రే ఇక అక్కర్లేదు. దాన్ని ఒక్కదాన్నే తీసేయడం ఎలా?

ఎంఎస్ఎక్స్ కంప్యూటర్ల బేసిక్‌లో దీనికి ఇరేజ్ అనే కమాండ్ ఉంది, కమడోర్ 64లో లేదు. సీఎల్ఆర్ కొడితే వేరియబుల్స్ అన్నీ పోతాయి. కానీ చివరగా డిమ్ చేసిన అర్రేను తీయడానికి దారి ఉంది. అర్రేలు ఎక్కడ ముగుస్తాయో చెప్పే పాయింటర్ 49, 50 లొకేషన్లలో ఉంటుంది. పీక్ ఒక లొకేషన్‌లోని విలువను చదువుతుంది, పోక్ అందులో రాస్తుంది. డిమ్‌కు ముందు పీ1=పీక్(49), పీ2=పీక్(50) అని దాచుకుని, పని అయ్యాక పోక్ 49,పీ1 : పోక్ 50,పీ2 అనండి. అర్రే మాయమై చోటు వెనక్కి వస్తుంది.

ఒక్క జాగ్రత్త. పీ1, పీ2 ముందే పుట్టి ఉండాలి. లేకపోతే పీ2 పుట్టగానే అర్రేలు 7 బైట్లు జరిగి, పీ1లో దాచిన విలువ తప్పైపోతుంది. మధ్యలో ఇంకే కొత్త వేరియబుల్ కూడా పుట్టకూడదు, కారణం అదే.

## ప్రోగ్రామ్ ఆగిపోయినప్పుడు

ప్రోగ్రామ్ ఉన్నట్టుండి అర నిమిషం బిగుసుకుపోయి మళ్ళీ నడుస్తోంది. మెషిన్ పాడైందా?

పాడవలేదు, గార్బేజ్ కలెక్షన్ జరుగుతోంది. స్ట్రింగ్‌లు కిందికి దిగుతూ వచ్చి అర్రేలను తాకబోయినప్పుడు బేసిక్ పని ఆపి సర్దడం మొదలుపెడుతుంది. ఆ సర్దే పద్ధతి చాలా అమాయకమైనది. ఉన్న చీటీలన్నీ చూసి అన్నిటికంటే పైనున్న స్ట్రింగ్ ఏదో వెతుకుతుంది, దాన్ని ఒక్కదాన్ని జరుపుతుంది, మళ్ళీ మొదటి నుంచి చీటీలన్నీ చూస్తుంది. 1000 స్ట్రింగ్‌లు ఉంటే 1000 సార్లు 1000 చీటీలు, అంటే 10 లక్షల చూపులు. ఒక్కో చూపుకు కొన్ని పదుల సైకిళ్ళు పడతాయి. ప్రాసెసర్ సెకనుకు చేసేదే దాదాపు 10 లక్షల సైకిళ్ళు. అందుకే పదుల సెకన్లు పడుతుంది. స్ట్రింగ్‌లు రెట్టింపైతే ఆగే సమయం నాలుగింతలు అవుతుంది.

ఆ సమయంలో రన్‌స్టాప్ కీ కూడా పలకదు, ఎందుకంటే బేసిక్ దాన్ని చూసేది ఒక స్టేట్‌మెంట్ అయ్యాకే. మీరు నొక్కే కీలు మాత్రం 10 వరకు బఫర్‌లో చేరుతూనే ఉంటాయి. నేను మొదట్లో రాసిన అడ్రస్ బుక్ ప్రోగ్రామ్ ఇలాగే ఆగితే, హ్యాంగ్ అయిందనుకుని స్విచ్ కట్టేశాను. సాయంత్రమంతా కూర్చుని టైప్ చేసిన పేర్లన్నీ పోయాయి. ఇంకో అర నిమిషం ఓపిక పడితే దక్కేవి. దయచేసి స్విచ్ జోలికి వెళ్ళకండి.

అయితే ఎఫ్ఆర్ఈ(0) తరచూ పిలుస్తూ ఉంటే ఆ ఆగడం తగ్గుతుందా?

తగ్గదు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఎఫ్ఆర్ఈ(0) ఖాళీ ఎంతో చెప్పేముందు తప్పకుండా గార్బేజ్ కలెక్షన్ చేస్తుంది, అది నిజమే. కానీ పట్టే సమయం చెత్త ఎంత ఉందన్న దాని మీద కాదు, బతికి ఉన్న స్ట్రింగ్‌లు ఎన్ని అన్న దాని మీద ఆధారపడుతుంది. 1000 స్ట్రింగ్‌లు బతికే ఉంటే, చెత్త ఒక్క బైటే ఉన్నా అదే ఆలస్యం. తరచూ పిలిస్తే తరచూ ఆగుతుంది.

దాన్ని పిలవాల్సిన సందర్భాలు రెండే. ఒకటి, పెద్ద జాబితా లోడ్ చేయకముందు, స్ట్రింగ్‌లు కొద్దిగానే ఉన్నప్పుడు. రెండోది, యూజర్ ఒక స్క్రీన్ చదువుతూ ఉండే చోట, "కాసేపు ఆగండి" అని చూపించి. ఎలాగూ ఆగక తప్పనప్పుడు ఎక్కడ ఆగాలో మనం నిర్ణయించుకోవడం మేలు.

గార్బేజ్ కలెక్షన్ జరగకుండా ఖాళీ ఎంత మిగిలిందో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. స్ట్రింగ్‌ల అడుగు అంచు 51, 52లో, అర్రేల పై అంచు 49, 50లో ఉంటాయి. (పీక్(51)+256*పీక్(52)) లోంచి (పీక్(49)+256*పీక్(50)) తీసేస్తే మధ్యలో మిగిలింది వస్తుంది. ఈ అంకె కొన్ని వందలకు పడిపోయిందంటే త్వరలోనే ఆగుతుందని అర్థం.

నా దగ్గర మారని పేర్లు 1000 ఉన్నాయి, మారేవి ఓ ఇరవై. ఆ ఇరవై కోసం అన్నిటినీ ఎందుకు సర్దాలి?

సర్దక్కర్లేదు. ఈ పేజీలో ఒక్క చిట్కానే గుర్తుపెట్టుకుంటానంటే దీన్నే పెట్టుకోండి. స్ట్రింగ్ మెమరీ పై హద్దు 55, 56 లొకేషన్లలో ఉంటుంది. ఆ హద్దుకు పైనున్న స్ట్రింగ్‌లను గార్బేజ్ కలెక్షన్ కదపదు. కాబట్టి 1000 పేర్లు లోడ్ చేసి, ఒకసారి ఎక్స్=ఎఫ్ఆర్ఈ(0) అని సర్దించి, ఆ వెంటనే పోక్ 55,పీక్(51) : పోక్ 56,పీక్(52) అనండి. పేర్లన్నీ హద్దు అవతలికి వెళ్ళిపోతాయి. ఎప్పటిలాగే చదువుకోవచ్చు.

ఇంతకుముందు 1020 స్ట్రింగ్‌లకు 10 లక్షల పైచిలుకు చూపులు పట్టేవి. ఇప్పుడు జరపాల్సినవి ఇరవయ్యే కాబట్టి సుమారు 20 వేల చూపులతో అయిపోతుంది. నిమిషం లెక్కలోది సెకను లెక్కలోకి వస్తుంది.

హద్దు అవతల ఉన్న పేరును మార్చితే కొత్తది ఇవతల పుడుతుంది, పాత చోటు మాత్రం తిరిగి రాదు. హద్దు మార్చాక సీఎల్ఆర్ కొట్టకండి, వేరియబుల్స్ అన్నీ పోతాయి.

ఎఫ్ఆర్ఈ(0) మైనస్‌లో చూపిస్తోంది. మెమరీ అప్పు పడిందా?

లేదు. ఆ ఫంక్షన్ 32767 దాటిన అంకెను మైనస్‌గా చూపిస్తుంది. దానికి 65536 కలపండి. అప్పుడే ఆన్ చేసిన మెషిన్‌లో -26627 వస్తుంది, కలిపితే 38909.

20 వేల బైట్లు ఖాళీ ఉన్నా "అవుట్ ఆఫ్ మెమరీ" అంటోంది. ఇది ఫ్రాగ్మెంటేషనేనా?

చాలావరకు కాదు, అది స్టాక్ (ఎక్కడికి తిరిగి రావాలో గుర్తుపెట్టుకునే చోటు) నిండడం. ప్రాసెసర్ స్టాక్ మొత్తం 256 బైట్లే. ఒక్కో గోసబ్ (సబ్‌రొటీన్‌ను పిలవడం) అందులో 5 బైట్లు, ఒక్కో ఫర్ లూప్ 18 బైట్లు తీసుకుంటాయి. గోసబ్‌లోంచి రిటర్న్‌తో కాకుండా గోటూతో బయటికి దూకితే ఆ 5 బైట్లు అక్కడే ఉండిపోతాయి. ఇరవై పైచిలుకు సార్లు అలా దూకితే స్టాక్ నిండి అదే ఎర్రర్ వస్తుంది. ఖాళీ మెమరీ వేలల్లో కనిపిస్తూ ఈ ఎర్రర్ వస్తే ముందు గోటూలను వెతకండి.

ప్రోగ్రామ్‌లోంచి ఇంకో ప్రోగ్రామ్ లోడ్ చేస్తే స్ట్రింగ్‌లలో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఏం చేయాలి?

లోడ్ చేసినా వేరియబుల్స్ నిలుస్తాయి, కానీ పాత ప్రోగ్రామ్ టెక్స్ట్ పోతుంది. కోట్స్‌లో ఇచ్చిన స్ట్రింగ్‌ల అక్షరాలు ఉన్నది ఆ టెక్స్ట్‌లోనే. దాటించాల్సిన స్ట్రింగ్‌కు ఏ$=ఏ$+"" అని ఖాళీ స్ట్రింగ్ కలపండి, అక్షరాలు స్ట్రింగ్ మెమరీలోకి కాపీ అవుతాయి. ఇంకో నియమం: అన్నిటికంటే పెద్ద ప్రోగ్రామే మొదట లోడ్ కావాలి. తర్వాత వచ్చేది పెద్దదైతే వేరియబుల్స్ మీదే కూర్చుంటుంది.

ఎమ్యులేటర్‌లో చక్కగా నడిచింది, అసలు మెషిన్‌లో ఆగుతోంది. తేడా ఎక్కడ?

వైస్ ఎమ్యులేటర్‌లో వార్ప్ మోడ్ పెట్టి చూసి ఉంటారు. దానిలో అర నిమిషం ఆగడం రెప్పపాటులో అయిపోతుంది. చివరి పరీక్ష మామూలు వేగంతో, నిండా డేటాతో చేయండి.

## గ్రాఫిక్స్, మెషిన్ కోడ్

స్ప్రైట్ల డేటా ఎక్కడ పెట్టినా ప్రోగ్రామ్‌తో గొడవ పడుతోంది. ఎక్కడ పెట్టాలి?

వీడియో చిప్ ఒక్కసారి 16 కేనే చూడగలదు, మామూలుగా అది 0 నుంచి 16383 వరకు. మీ బేసిక్ ప్రోగ్రామ్ మొదలయ్యేదీ అక్కడే, 2049లో. మూడు స్ప్రైట్లయితే టేప్ బఫర్‌లో 832, 896, 960 దగ్గర పెట్టేయొచ్చు, టేప్ వాడనంతసేపు ఇబ్బంది లేదు.

అంతకు మించితే ప్రోగ్రామ్‌నే పైకి జరపడం నయం. ప్రోగ్రామ్ లోడ్ చేయకముందు పోక్ 44,64 : పోక్ 16384,0 : న్యూ అనండి. బేసిక్ 16385 నుంచి మొదలవుతుంది. 14,336 బైట్లు వదులుకున్నట్టే, కానీ 2048 నుంచి 16383 వరకు గ్రాఫిక్స్‌కు ఒకే చోట దొరుకుతుంది. అందులో 4096 నుంచి 8191 వరకు వీడియో చిప్‌కు క్యారెక్టర్ రోమ్ కనిపిస్తుంది, అక్కడ స్ప్రైట్లు పెట్టకండి. బేసిక్‌కు మిగిలిన 24 కే మామూలు గేమ్‌కు సరిపోతుంది.

మెషిన్ కోడ్ గేమ్‌లో బుల్లెట్లు, శత్రువులు పుడుతూ పోతూ ఉంటాయి. మెమరీ అలొకేటర్ రాయాలా?

వద్దు. కావాల్సిన సైజు అడిగి తీసుకునే అలొకేటర్ రాస్తే ఫ్రాగ్మెంటేషన్‌ను మీరే కొని తెచ్చుకున్నట్టు. 32 ఆబ్జెక్ట్‌లు చాలనుకుంటే 32 గళ్ళు మొదట్లోనే కేటాయించండి. ఎక్స్ స్థానాలకు 32 బైట్ల పట్టిక ఒకటి, వై స్థానాలకు ఒకటి, రకానికి ఒకటి, ఇలా ఎనిమిది పట్టికలు పెట్టినా 256 బైట్లే. కమడోర్ 64 ప్రాసెసర్ 6510లో ఇండెక్స్ రిజిస్టర్‌తో ఇలాంటి విడి పట్టికలు చదవడం చాలా సులువు. రకం సున్నా ఉంటే గడి ఖాళీ. గళ్ళన్నీ ఒకే సైజు కాబట్టి ఏ ఖాళీ అయినా ఏ ఆబ్జెక్ట్‌కైనా సరిపోతుంది. 33వ బుల్లెట్ పుట్టకపోతే ఆటగాడు గమనించడు కూడా.

## వేరే మెషిన్ల సంగతి

కమడోర్ 128లో ఇదే ప్రోగ్రామ్ ఎందుకు ఆగడం లేదు?

1985లో వచ్చిన ఆ మెషిన్ బేసిక్ 7.0లో ప్రతి స్ట్రింగ్ పక్కన రెండు అదనపు బైట్లు ఉంటాయి. ఆ స్ట్రింగ్ ఏ చీటీదో అవి చెబుతాయి. దాంతో పైనుంచి కిందికి ఒక్కసారి నడిస్తే సర్దుడు పూర్తవుతుంది. అంతకుముందే కమడోర్ వాళ్ళ పెట్ కంప్యూటర్ల బేసిక్ 4.0లో ఈ ఏర్పాటు ఉంది, 64కు మాత్రం పాత వెర్షన్ 2 పెట్టారు.

జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌లో స్ట్రింగ్ చెత్త ఉండదంటారు, నిజమేనా?

నిజమే. స్ట్రింగ్‌కు కొత్త విలువ ఇవ్వగానే పాతదాన్ని తీసేసి, పైనున్న వేరియబుల్స్‌ను అప్పుడే దగ్గరికి జరుపుతుంది. ఒక్కసారిగా ఆగడం ఉండదు, ప్రతిసారీ కొంచెం కొంచెం చెల్లిస్తాం. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. కానీ అన్నీ కదులుతూ ఉంటాయి కాబట్టి మెషిన్ కోడ్‌ను క్లియర్ 32767 లాంటి కమాండ్‌తో హద్దు దించి, దాని పైనే పెట్టాలి.

స్కూల్లో బీబీసీ మైక్రో వాడాం. అందులో కాసేపు నడిచాక "నో రూమ్" అని ఎందుకు వచ్చేది?

1984లో మొదలైన క్లాస్ అనే స్కూల్ కంప్యూటర్ ప్రాజెక్టు ద్వారా మన దేశంలో చాలా స్కూళ్ళకు చేరిన మెషిన్ అది, అందుకే ఈ ప్రశ్న మనవాళ్ళు ఎక్కువగా అడుగుతారు. బీబీసీ బేసిక్‌లో గార్బేజ్ కలెక్షన్ లేదు. స్ట్రింగ్ తనకిచ్చిన చోటు దాటి పెరిగితే కొత్త చోటు ఇస్తుంది, పాతది సాధారణంగా తిరిగి రాదు. మందు తేలిక: మొదట్లోనే ఏ$=స్ట్రింగ్$(255,"*") అని పూర్తి పొడవు కేటాయించి, వెంటనే ఏ$="" అనండి. ఆ తర్వాత ఎన్నిసార్లు మార్చినా అదే చోటు వాడుకుంటుంది.

బీబీసీ మైక్రో మోడల్ బీలో స్క్రీన్ మోడ్ కూడా చూసుకోవాలి. మోడ్ 1 ఒక్కటే 20 కే తింటుంది, డిస్క్ ఉంటే ప్రోగ్రామ్‌కు 5,888 బైట్లే మిగులుతాయి. మోడ్ 7కు 1 కే చాలు.

అమీగాలో 200 కే ఖాళీ ఉన్నా 100 కే బొమ్మ లోడ్ కావడం లేదు. ఎందుకు?

ఖాళీ చిన్న ముక్కలుగా చెదిరిపోయి ఉంటుంది. అవెయిల్ కమాండ్ ఇచ్చి చివరి కాలమ్ చూడండి, ఒకే చోట దొరికే అతి పెద్ద ముక్క ఎంతో అందులో ఉంటుంది. బొమ్మలకు, శబ్దాలకు చిప్ మెమరీయే (గ్రాఫిక్, సౌండ్ చిప్‌లు చూడగలిగే భాగం) కావాలి కాబట్టి ఆ వరుసే ముఖ్యం. 68000 ప్రాసెసర్‌తో వచ్చిన అమీగాలు ఒకసారి ఇచ్చిన ముక్కను తర్వాత జరపలేవు, ఎందుకంటే ప్రోగ్రామ్‌ల దగ్గర దాని అసలు అడ్రస్సే ఉంటుంది. మీ ప్రోగ్రామ్ మొదలవగానే పెద్ద బఫర్లన్నీ ముందు అడిగి తీసుకోండి, చిన్నవి ఆ తర్వాత. వదిలేటప్పుడు తిరుగు వరుసలో వదలండి, అప్పుడు పక్కపక్క ఖాళీలు మళ్ళీ కలుస్తాయి. అప్పటికీ చాలకపోతే రీబూట్ చేసి, వేరే ఏదీ తెరవకముందే బొమ్మ లోడ్ చేయండి.